చెవి గుర్తు

పుంటా అరేనాస్ ఆసుపత్రి అడుగు అంతస్తులో
నా గదికి కిటికీ లేదు.
జలసంధి మీంచి వచ్చే గాలి మాత్రం
గొట్టంలో దూరి ఈల వేయడం నేర్చుకుంది.

దారి తప్పి వచ్చాడాయన, ఎక్స్‌రే గది వెతుక్కుంటూ.
దోన్ ఎవరిస్తో బార్రియా. చేతిలో టోపీ,
గీసిన గుండు మీద ఇంకా విప్పని కుట్లు.
ఇక్కడేం చేస్తావమ్మా అన్నాడు.
లెక్కపెడతాను అన్నాను.
నవ్వాడు. నా పనీ అదే, నలభై ఏళ్లు,
గొర్రెల్ని గేటు దాటిస్తూ.

మొహం చూడకు, చూశావా లెక్క పోయిందే.
గేటు సందు చూడు. మూడేసి చొప్పున పో.
వంద కాగానే ఒక గులకరాయి
ఈ జేబులోంచి ఆ జేబులోకి.
పోయిన జనవరి, ఉన్ని కత్తిరింపులప్పుడు
ఎడమ జేబు ఖాళీ, కుడి జేబూ ఖాళీ.
రాళ్లెటు పోయాయో ఇప్పటికీ తెలియదు.
మందు ఎక్కువైందంది మా ఆవిడ.
నేనూ అదే నమ్మాలని చూశాను.

రెండో అంతస్తు, ఎడమవైపు, అని చెప్పాను.
ఆయన మెదడు తునక అప్పటికే నా ట్రేలో,
గాజు పలక మీద, ఉల్లిపొర కన్నా పలచగా
ఉందని చెప్పలేదు.

దీపం ఆర్పాను.
మామూలు కణంలో రెండు ఎర్ర చుక్కలు, రెండు పచ్చ చుక్కలు.
పచ్చ, ఏడో క్రోమోజోము నడుముకి కట్టిన గుర్తు.
ఎరుపు, ఒక చెవిని తయారుచేసే జన్యువుకి.
గోడలకి చెవులుంటాయంటారే,
కణం పొరకి నిజంగానే ఉంటాయి,
సగం బయట, సగం లోపల.
బయట ఎవరో ఎదుగు అంటేనే లోపల కదలిక.
దీవెన లాంటి మాటే. ఎప్పుడో ఒకసారి వినపడితే.

మూడు, ఆరు, తొమ్మిది,
గేటు సందే చూస్తున్నాను దోన్ ఎవరిస్తో,
పన్నెండు, పదిహేను,
మంద కంచె విరగదోసుకుని వచ్చేసింది.
ఒక్క కణంలో చుక్కలు కావవి, ఎర్ర దుమారం.
ఎన్నో తెలియని చెవులు.

సాయంత్రం డాక్టర్ కుస్మానిచ్ ఇంకో కాగితం తెచ్చింది.
వాటిలో కొన్ని చెవులకి బయటి సగం లేదట,
పుట్టుకలోనే తెగిపోయింది.
వినడానికేమీ లేదు, పిలిచినవాళ్లూ లేరు,
లోపల మాత్రం వస్తున్నా, వస్తున్నా అని
జవాబు ఆగదు.

ఏ గొర్రె ఎవరిదో తెలియడానికి
ఇక్కడ చెవి కొస కత్తిరిస్తారు.
దాన్ని గుర్తు అంటారు. మేమూ గుర్తనే అంటాం.
గుర్తు చూస్తే మంద ఎవరిదో తెలుస్తుంది.
వెనక్కి తోలడం వేరే విద్య.

పలక జరుపుతుంటే ఒక మూల సన్నటి రక్తనాళం,
దాని గోడ వెంట వరసగా నాలుగైదు కణాలు.
రెండు ఎరుపు, రెండు పచ్చ. రెండు, రెండు.
ఇది ఆయన.
మొహం చూడకూడదన్నాడు. చూశాను.

తరువాతి పలక పుయెర్తో నతాలెస్ అమ్మాయిది,
పదిహేడేళ్లు, తెడ్డు పోటీల పిల్ల,
వెన్నుపాములోంచి తీసిన గడ్డ.
అన్నింటిలోనూ రెండు, రెండు.
అంటే మంచి వార్త అని కాదు,
ఆ గడ్డ వేరే మాట వింటోంది, అంతే.
అయినా నియమం చెప్పిన దానికన్నా
ఇంకో యాభై కణాలు లెక్కపెట్టాను, పని లేకపోయినా.

రిపోర్టులో అంకె వేసే గడి చిన్నది.
ఇరవై దాటితే ఇరవై పైన అని రాసి వదిలేయాలి.
రాశాను.
ఆయనైతే ఒప్పుకోడు, ఇరవై పైన అంటే
యజమాని జీతం కోస్తాడంటాడు.

కోటు తొడుక్కుంటూ
ఎడమ జేబులో తాళాలు తీసి కుడి జేబులో వేసుకున్నాను.
మెట్లెక్కాక, గాలిలో,
మళ్లీ తడిమి చూసుకున్నాను.